పాత సైనిక తుపాకుల క్రొత్త యుపయోగము

గత శీతకాలమున మా పాఠశాల ఎన్.సి.సి. విద్యార్థులు శిబిరమునుండి మరలివచ్చిన మరునాడు, తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మమ్ము నొక ప్రశ్న యడిగెను. "అయ్యా, సైన్యము విడిచిపెట్టిన పాత తుపాకులు ఏమగును?" ఆ సాయంకాలమే యొక తండ్రిగారు వచ్చి, "మాస్టారూ, బడిపిల్లల చేతికి తుపాకీ ఎందుకండీ? మా కొండూళ్లలో నాటుతుపాకులు చేసిన చేటు చాలదా?" అనిరి. ఈ రెండు ప్రశ్నలును వేరువేరుగ గనుపించినను, విచారించినకొలది ఒకదానితో నొకటి ముడివడియున్నవని మాకు తోచినది.

మొదటి ప్రశ్నకు అమెరికా సంయుక్తరాష్ట్రములలో విచిత్రమగు సమాధానము కలదు. 1898లో స్పెయినుతో జరిగిన యుద్ధము పిమ్మట, తమ జనులకు గురిచూచి కాల్చు నేర్పు చాలదని ఆ దేశపు పాలకులు తలపోసిరి. 1903లో ఇందులకై జాతీయసంఘ మొకటి యేర్పడినది. 1905లో సైన్యమునకు మిగులైన తుపాకులను గురికాల్పు సంఘములకు విక్రయించుటకు చట్టము అనుమతించెను. 1996లో ఈ కార్యమును సైన్యమునుండి వేరుచేసి, లాభాపేక్ష లేని స్వతంత్రసంస్థ కప్పగించిరి. సైన్యము తనకు పనికిరాని తుపాకులను వెల గొనకయే ఆ సంస్థకిచ్చును. రవాణా మొదలగు ఖర్చులు మాత్రము సంస్థవే. సంస్థ వాటిని పరీక్షించి, బాగుచేసి, నాణ్యమునుబట్టి వెల నిర్ణయించి విక్రయించును. వచ్చిన ధనముతో పోటీలు నడపుట, శిక్షకులను తయారుచేయుట, అన్నిటికంటె ముఖ్యముగ బాలబాలికలకు గాలితుపాకితో గురి నేర్పుట జరుగుచున్నవి. చట్టమే యువజనులకు ప్రాధాన్య మీయవలెనని విధించినది. మన ఎన్.సి.సి.ని పోలిన విద్యార్థిదళములు అచ్చటి ఉన్నతపాఠశాలలలో గలవు. వాటి గాలితుపాకి పోటీలకును ఈ సంస్థయే చేయూత.

కొనదలచినవాడు ఆ దేశపౌరుడై, తగిన వయస్సు కలిగి, గుర్తింపుపొందిన సంఘమున సభ్యుడై, నేరచరిత్ర లేనివాడని విచారణలో తేలవలెను. ఎక్కువగ అమ్ముడుపోవునది గారండు తుపాకి. కెనడాలో పుట్టిన జాన్ గారండు దీనిని రూపొందించెను. 1936లో అమెరికా సైన్యము స్వీకరించెను. ఎనిమిది తూటాలను ఒక్క యినుపపట్టీలో జొనిపి పెట్టుదురు. కడపటి తూటా వెడలగానే ఆ పట్టీ టింగుమని పైకెగురును. 50 లక్షలకు పైగా తయారైనను, 1957తో సైన్యమునకై వీని తయారీ ముగిసినది. కనుక ఈ నిధి ఊటలేని చెరువువంటిది, తోడినకొలది తరుగును. పూర్వము ఫిలిప్పీన్సు మొదలగు మిత్రదేశములకు అరువిచ్చిన తుపాకులను తిరిగి రప్పించి కొంత పూడ్చుకొనిరి.

మన దేశమున త్రోవ వేరు. 1878 నాటి ఆయుధచట్టము భారతీయుడు అనుమతిపత్రము లేక తుపాకి యుంచుకొనరాదనెను; ఐరోపావారికి మాత్రము మినహాయింపు! స్వాతంత్ర్యానంతరము 1959లో క్రొత్తచట్టము వచ్చినది. ఆ వివక్ష పోయినది గాని, సైనికుల తూటా పట్టు తుపాకి సామాన్యునికి నిషిద్ధమే. కలకత్తా చెంతనున్న ఈషాపూరు కర్మాగారమున తయారైన .303 లీ ఎన్‌ఫీల్డు తుపాకి ఇందులకు ఉదాహరణము. సైన్యము విడిచిన పిమ్మట అది పోలీసుల చేతికి, విద్యార్థిదళముల చేతికి వచ్చెను గాని అంగడికి రాలేదు. ఉత్తరప్రదేశ పోలీసులు 2020లో గాని దానికి వీడ్కోలు పలుకలేదు. అనుమతి పొందిన పౌరునికై ప్రభుత్వ కర్మాగారమే .315 అను వేరొక కొలత తుపాకిని చేసెను. రూపమున రెండును అన్నదమ్ములే. ఒకదాని తూటా వేరొకదాని కక్కరకు రాదు. అదియే అందలి కిటుకు.

కావున మనకు గురివిద్య తుపాకుల విక్రయముపై ఆధారపడలేదు. 1948లో స్థాపితమైన ఎన్.సి.సి. వ్యయమును కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములు భరించుచున్నవి. 1951లో లోకసభాపతి మావలంకరుగారు జాతీయ రైఫిలు సంఘమును నెలకొల్పిరి. విజయనగరము చెంత కోరుకొండలో, పూర్వము రాజుల భవనమైనచోట, 1962నుండి సైనికపాఠశాల నడచుచున్నది. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగు 2012లో లండను ఒలింపిక్సున గాలితుపాకితో కాంస్యపతకము గెలిచెను. ఆ పోటీలో గురి పది మీటర్ల దూరము. నడిమి చుక్క అర మిల్లిమీటరు మాత్రమే. వ్రాతలో మనము పెట్టు పూర్ణవిరామము దానికంటె పెద్దది గదా!

అయితే మన పద్ధతిలో లోటు లేకపోలేదు. మంచి గాలితుపాకి వెల సామాన్యకుటుంబమునకు అందనిది. మా బడి పిల్లలలో గురి కలవారున్నను, శిబిరమున కాల్చిన కొలది తూటాలే వారి సాధన. అమెరికావారి నిధివంటిది మనకున్న యెడల ఆ పిల్లలకు మేలగును. కాని ఆ నిధికై ఇంటింటికిని సైనికాయుధము చేర్చుటకు మేము సమ్మతింపజాలము. ఇక్కడ ఆ తండ్రిగారి మాటే మాకు బలముగ తోచును. అడవిపందులకై పొంచియుంచిన నాటుతుపాకి పందియని యెంచి మనిషిని గొట్టుట మన్యమున వినని మాట గాదు.

ఆయనకు మేము వాదముతో బదులీయలేదు. మరుసటి శిబిరమునకు వెంటబెట్టుకొని పోతిమి. పిల్లలు నేలపై బోర్లపడుకొని .22 తుపాకులతో తలకైదు తూటాలు కాల్చిరి. పిమ్మట హవల్దారుగారు కాలిన గొట్టములు లెక్కించిరి, ఒకటి తక్కువైనది. ఎవరును కదలరాదనిరి. మిట్టమధ్యాహ్నపు టెండలో అందరును గడ్డి దువ్వి వెదకితిమి. అరగంట కది ఆ తండ్రిగారి చెప్పు క్రిందనే దొరకెను. ఆయన దానిని తుడిచి, తానే తీసికొనిపోయి లెక్కలో వేసిరి.