ర్యాలీ కారులో తాళం ఎందుకు ఉండదు?

కారు తాళం తిప్పితే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. ఇంత మామూలు పని గురించి మనం రెండోసారి ఆలోచించం. ర్యాలీ కారులోకి తొంగిచూస్తే మాత్రం స్టీరింగ్ పక్కన తాళం పెట్టే చోటు చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. దాని బదులు డాష్‌బోర్డుకు బిగించిన ఒక రేకు పలక, దాని మీద రెండు మూడు మీట స్విచ్‌లు, పక్కన ఒక బొత్తాం కనిపిస్తాయి. ఇదంతా చూడ్డానికి బాగుంటుందని పెట్టుకుంటారని చాలామంది అనుకుంటారు. అలా పెట్టుకునేవాళ్లూ లేకపోలేదు!

ముందు తాళం చేసే పనేమిటో చూద్దాం. ఆ చిన్న గొట్టంలో నాలుగు పనులు ఒకదాని వెనక ఒకటి దాగి ఉంటాయి. తాళం పెట్టి కొద్దిగా తిప్పగానే స్టీరింగ్ లాక్ వదులుతుంది. ఇంకాస్త తిప్పితే రేడియో లాంటివాటికి కరెంటు వస్తుంది. తర్వాతి మెట్టులో ఇగ్నిషన్ కాయిల్‌కూ, మీటర్లకూ వస్తుంది. చివరి మెట్టు సెల్ఫ్ మోటారుది. వదలగానే స్ప్రింగు తాళాన్ని వెనక్కి లాగేస్తుంది. ర్యాలీ కారులో ఈ పనులను విడదీస్తారు. స్టీరింగ్ లాక్‌ను తీసేస్తారు, లేదా పనిచేయకుండా చేస్తారు. మలుపు మధ్యలో చక్రం బిగుసుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

బొత్తాం కొత్తదేమీ కాదు. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 నాటి క్యాడిలాక్ కార్లలో వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇగ్నిషన్‌కు ఒక స్విచ్, స్టార్టర్‌కు వేరే బొత్తామో కాలితో నొక్కే మీటో ఉండేవి. రెండింటినీ ఒకే తాళంలో కలపడం 1949లో క్రైస్లర్ కార్లతో ప్రచారంలోకి వచ్చింది. అంటే ర్యాలీ కారు ఒక రకంగా పాత పద్ధతికే తిరిగి వెళ్తోంది.

దీనివల్ల లాభం ఇంజిన్ ఆగిపోయినప్పుడు తెలుస్తుంది. కొండ దారిలో ఇరుకు మలుపు, చేతులకు గ్లవ్స్, భుజాల మీదుగా బిగించిన బెల్టులు, పరిగెత్తే గడియారం. చాలా కార్లలో రెండోసారి సెల్ఫ్ కొట్టాలంటే తాళాన్ని పూర్తిగా వెనక్కి తిప్పి మళ్లీ రావాలి. బొత్తామైతే ఒక్క వేలు చాలు. పక్కనున్న నావిగేటర్ కూడా నొక్కవచ్చు.

అయితే ఆ బొత్తాం గుండా సెల్ఫ్ మోటారు కరెంటును పంపలేం. చిన్న పెట్రోలు కారు ఇంజిన్‌ను తిప్పడానికి ఆ మోటారు సుమారు 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు 0.017 ఓముల నిరోధం ఉంటుంది. మూడు మీటర్లకు 0.05 ఓములు. వినడానికి ఏమీ లేనట్టే ఉంది. కానీ 150తో గుణిస్తే 7.5 వోల్టులు తీగలోనే పోతాయి, 12 వోల్టుల బ్యాటరీలో మోటారుకు మిగిలేది నాలుగున్నర. పోయినదంతా వేడిగా మారుతుంది. ఆ లెక్క 1,100 వాట్లు దాటుతుంది. నీళ్లు కాచుకునే ఇమ్మర్షన్ రాడ్ అంత వేడి, సన్నని తీగలో, డాష్‌బోర్డు వెనక!

అందుకే పని మెట్లు మెట్లుగా జరుగుతుంది. వేలు నొక్కే బొత్తాం గుండా రిలే కాయిల్‌కు పోయేది ఆంపియరులో ఆరేడో వంతు. ఆ రిలే మోటారు మీద ఉండే సోలెనాయిడ్‌కు పది, ఇరవై ఆంపియర్లు పంపుతుంది. సోలెనాయిడ్ లోపలి లావుపాటి రాగి బిళ్ల అసలు కరెంటును కలుపుతుంది. మొదటి మెట్టుకూ చివరి మెట్టుకూ తేడా దాదాపు వెయ్యి రెట్లు.

బొత్తాం వదిలినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. కాయిల్‌లో నిలిచిన అయస్కాంత శక్తి ఒక్కసారిగా కూలి, బ్యాటరీ వోల్టేజీకి ఎన్నో రెట్లు పుట్టించి, విడిపోతున్న కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేపుతుంది. ఇంటి ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి అలాంటి రవ్వను ఆర్పేస్తుంది. కారులో ఉండేది డీసీ, దానికి సున్నా లేదు. ఇంటి స్విచ్ మీద రాసిన ఆంపియర్ల లెక్క ఇక్కడ చెల్లదన్నమాట. రవ్వలు పడీ పడీ కాంటాక్టులు అతుక్కుపోతే, వేలు తీశాక కూడా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. రిలే కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్ పెడితే ఆ శక్తి అందులోనే తిరిగి చల్లారుతుంది.

వైరింగులో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు తాళం కొన్ని తీగలకు కరెంటు ఆపేస్తుంది, బలమంతా మోటారుకు దక్కాలని. ఇగ్నిషన్ తీగకు మాత్రం ఆపదు. ఈ రెండు రకాల తీగలనూ గుర్తించకుండా కలిపితే, బొత్తాం నొక్కినంతసేపూ ఇంజిన్ గిరగిర తిరుగుతుంది కానీ అంటుకోదు. కొన్ని పాత కార్లలో కాయిల్‌కు ముందు ఒక నిరోధకం ఉంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు తాళం దాన్ని దాటించి పూర్తి వోల్టేజీ ఇస్తుంది. తాళంతో పాటు ఆ దారిని కూడా తీసేస్తే చలి ఉదయాల్లో బండి మొరాయిస్తుంది. బొత్తాం ఇగ్నిషన్ స్విచ్ తర్వాతే ఉండాలి, లేకపోతే ఎవరి మోచేయి తగిలినా గేరులో ఉన్న కారు ముందుకు గెంతుతుంది.

ఇంత చెప్పుకున్నా, ఈ పలకను సరిగ్గా కట్టారో లేదో తేలేది స్టార్ట్ చేసేటప్పుడు కాదు, ఆపేటప్పుడు. కారు పల్టీ కొట్టింది, పెట్రోలు కారుతోంది, లోపలివాళ్లు కదల్లేరు. బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారుకు వెళ్లే లావు కేబుల్‌కు సాధారణంగా ఫ్యూజు ఉండదు. నలిగి బాడీకి తగిలితే నిప్పే. అందుకే ర్యాలీ కారుకు లోపలి నుంచీ బయటి నుంచీ అందే మాస్టర్ స్విచ్ తప్పనిసరి. బయటి పిడి దగ్గర తెల్ల అంచున్న నీలి త్రికోణంలో ఎర్రని మెరుపు గుర్తు ఉండాలని అంతర్జాతీయ మోటారు క్రీడా సమాఖ్య నియమం. త్రికోణం అడుగు భుజం కనీసం 12 సెంటీమీటర్లు.

బ్యాటరీని తెంచేస్తే ఇంజిన్ ఆగుతుందా? ఆగకపోవచ్చు. తిరుగుతున్న ఆల్టర్నేటర్ తానే కరెంటు పుట్టిస్తూ, తన అయస్కాంతానికి తానే తిండి పెట్టుకుంటూ, కాయిల్‌నూ బతికిస్తుంది. పైగా హెచ్చుతగ్గులను మింగే బ్యాటరీ లేకపోయేసరికి వోల్టేజీ క్షణకాలం వంద దాకా ఎగిరి ఆల్టర్నేటర్ డయోడ్లనూ, ఇంజిన్ కంప్యూటర్‌నూ కాల్చేయగలదు. కాబట్టి ఈ స్విచ్‌లో రెండు లావు కొసలతో పాటు నాలుగు చిన్న కొసలు ఉంటాయి. మీట తిప్పగానే ఒక జత విడిపోయి ఇగ్నిషన్‌ను తెంచుతుంది. రెండో జత కలిసి, ఆల్టర్నేటర్ కరెంటును సుమారు 3 ఓముల నిరోధకం గుండా ఎర్త్‌కు పంపుతుంది. ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు ఉంటే అదీ ఇదే దెబ్బకు ఆగాలి.

ఇది చదివి రోజూ ఆఫీసుకు వెళ్లే కారులో చేసి చూడకండి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. కొత్త కార్లలో తాళంలోని చిప్‌ను గుర్తిస్తేనే ఇంజిన్ కదులుతుంది కూడా. ర్యాలీ కారు కట్టినవాళ్లకు మాత్రం ఒక పరీక్ష ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ కాస్త తొక్కి ఉంచి, బయట నిలబడినవాళ్లను పిడి లాగమనాలి. ఆ తర్వాత ఇంజిన్ ఇంకా తిరుగుతూనే ఉంటే, ఆ కారు ఆ రోజు షెడ్డు దాటకూడదు.