బోటు షాఫ్ట్ మారుస్తున్నారా? గ్రేడు చూసి కొనండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ‘మత్స్యకార సేవలో’ పథకం కింద అర్హత ఉన్న కుటుంబానికి ఇచ్చే రూ.20,000 భృతి ఇల్లు గడవడానికి. ఏటా షాఫ్ట్‌కు అందులోంచి తీయాల్సిన పని రాకుండా, బోటు ఒడ్డున ఉన్నప్పుడే సరైనది వేయించుకోండి.

ఏ లోహం మంచిది?

• మామూలు ఇనుము: చవకే, కానీ ఉప్పునీటిలో త్వరగా తుప్పు పడుతుంది. వద్దు.
• ఇత్తడి: ఉప్పునీరు అందులోని జింక్‌ను లాగేస్తుంది. పైకి బాగానే కనిపిస్తుంది, బలం ఉండదు.
• స్టెయిన్‌లెస్ 304: మెరుస్తుంది. కానీ ట్యూబు లోపల నీరు కదలని చోట గుంటలు పడి, అక్కడే విరగొచ్చు.
• స్టెయిన్‌లెస్ 316: 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. 304 కంటే బాగా తట్టుకుంటుంది. ఇదే అడగండి.
• డూప్లెక్స్ 2205: ఇంకా గట్టిది, ధరా ఎక్కువే.

అయస్కాంతం పెట్టి చూస్తే తేడా తెలియదు. 304, 316 రెండింటికీ అది గట్టిగా అంటుకోదు. టెస్ట్ సర్టిఫికెట్‌లో మాలిబ్డినం శాతం చూడండి, బిల్లుపై గ్రేడు రాయించుకోండి. షాఫ్ట్‌కు జింక్ ముక్క బిగించి, సగం అరగగానే మార్చండి.

నడిసముద్రంలో షాఫ్ట్ విరిగి జారిపోతే ఆ సందులోంచి బోటులోకి నీళ్లొస్తాయి. అప్పుడు పోయేది వేట ఒక్కటే కాదు.