కాకినాడ చేరిన డార్విన్ వారసుడు

నర్సాపూర్ దాటి కౌడిపల్లి మీదుగా మెదక్ వెళ్లేవాళ్లు దారి పక్క కంపల్లో పూసే లాంటానాను పెద్దగా పట్టించుకోరు. మేకలు కూడా దానికి దూరమే! అలాంటి పూల దగ్గరే కలకత్తాలో నిలబడి, ఏ సీతాకోకచిలుక ఏ రంగు మీద వాలిందో లెక్క రాసుకున్నాడో తెలుగు కుర్రాడు. పేరు ద్రోణంరాజు కృష్ణారావు, ఊరు పిఠాపురం. అతని గురువు జె.బి.ఎస్. హాల్డేన్.

డార్విన్ 1859లో ప్రకృతి వరణం గురించి చెప్పాడు. బతకడానికి పనికొచ్చే లక్షణం ఉన్న జీవి ఎక్కువ సంతానాన్ని మిగిల్చుతుంది, తరాలు గడిచేకొద్దీ ఆ లక్షణమే నిలుస్తుందన్నాడు. బాగానే ఉంది, కానీ ఎంత వేగంగా? ఆ లెక్క తేల్చిన కొద్దిమందిలో హాల్డేన్ ఒకరు.

ఇంగ్లండులో చెట్ల బెరడు మీద కనబడకుండా కలిసిపోయే తెల్లటి రెక్కల పురుగు ఒకటుంది. మాంచెస్టర్‌లో 1848లో అందులో నల్లది కనిపించింది. ఫ్యాక్టరీల మసితో చెట్లు నల్లబడ్డాయి. తెల్లవి పిట్టల కంటబడ్డాయి, నల్లవి తప్పించుకున్నాయి. యాభై ఏళ్లలో దాదాపు అన్నీ నల్లవే! ఇంత మార్పు రావాలంటే తెల్లది రెండు పిల్లల్ని మిగిల్చేచోట నల్లది మూడింటిని మిగల్చాలని 1924లో హాల్డేన్ లెక్కగట్టారు.

1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన ఈ దొర 1957లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశారు. లాల్చీ, ధోవతి కట్టారు. మాంసం మానేశారు. 1961లో భారత పౌరుడయ్యారు. ఖరీదైన పరికరాలు లేవని ఏడవడం ఆయనకు గిట్టదు. కళ్లున్నాయి, కాగితముంది, లెక్కపెట్టండి అనే తీరు ఆయనది. (మన యూనివర్సిటీల్లో ఇప్పటికీ వినాల్సిన మాటే.)

కృష్ణారావు చేసిందదే. కొన్ని రకాల సీతాకోకచిలుకలు గులాబీ రంగు పూలకే ఎక్కువగా వెళ్తున్నాయి, కొన్ని నారింజ రంగు వాటికి. అంటే ఒకదాని పుప్పొడి మరోదానికి అందడం తగ్గుతుంది. పక్కపక్కనే పెరుగుతున్నా ఒక జాతి రెండుగా చీలిపోవడానికి ఇదీ ఒక దారి కావచ్చు. 1960లో ఇది ‘నేచర్’లో అచ్చయింది. ఆంధ్రలో మేనరికం పెళ్లిళ్ల మీదా ఆయన పరిశోధించారు.

హాల్డేన్ 1962లో భువనేశ్వర్ వెళ్లారు. అక్కడే 1964 డిసెంబరు 1న క్యాన్సర్‌తో కన్నుమూశారు. తన దేహాన్ని వైద్య పరిశోధనకో, పాఠాలకో వాడుకోమని ముందే రాసిపెట్టారు. దహనం లేదు, సమాధి లేదు. దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి పంపారు.