ఆ నల్ల డబ్బా ఇంజిన్‌కి చెప్పే అబద్ధం

బీటెక్ మూడో ఏడాదిలో ఉన్నప్పుడు మా మేనమామ స్కార్పియోకి ‘చిప్’ పెట్టించింది నేనే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల దుకాణాల వెనక సందులో ఓ చిన్న షాపు. మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంజిన్ మీదున్న ఒక సెన్సర్ కనెక్టర్ పీకి, మధ్యలో అరచేతిలో పట్టే నల్ల డబ్బా ఒకటి తగిలించాడు. పది నిమిషాల పని. ‘‘ఇరవై ఐదు శాతం పవర్ పెరుగుతది తమ్మీ. మైలేజీ కూడా’’ అన్నాడు. మామ జేబులోంచి తొమ్మిది వేలు పోయాయి.

ఆ సాయంత్రమే అల్వాల్ దాటి శామీర్‌పేట దాకా వెళ్లొచ్చాం. బండి చురుగ్గా లాగింది, మామ ఖుషీ. నేను మాత్రం పక్క సీట్లో ఫోన్‌లో ఓబీడీ యాప్ పెట్టుకుని బుర్ర గోక్కుంటున్నా. అందులో రైల్ ప్రెజర్ డబ్బా పెట్టకముందు ఎంతుందో ఇప్పుడూ దాదాపు అంతే ఉంది. లాగుడు పెరిగింది, అంకె మారలేదు. ఇదెలా?

సమాధానం తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఈలోపు బండి వెనక నల్ల పొగ మొదలైంది. శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే క్లచ్ జారింది. ‘‘అల్లుడా, నీ ఇంజినీరింగ్ అంతా నా బండి మీదనే చూపించాల్నా?’’ అని మామ అడిగిన మాట ఇప్పటికీ ఇంట్లో జోకే. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఆ బండి కిరాయిల మీదే ఆయన ఇల్లు గడిచేది.

సంగతి ఇదీ. కామన్ రైల్ డీజిల్ ఇంజిన్‌లో హై ప్రెజర్ పంపు డీజిల్‌ని ఒక ఉమ్మడి గొట్టంలోకి తోస్తుంది. అదే రైలు. అక్కడి నుంచి ఇంజెక్టర్లు ఒక్కోటి ఎప్పుడు, ఎంతసేపు తెరుచుకోవాలో ఈసీయూ చెబుతుంది. తొలితరం సిస్టమ్స్‌లో ఒత్తిడి 1350 బార్ వరకు ఉండేది, తర్వాత 1600, ఆపైన 2000 దాకా వెళ్లింది. ఈ ఒత్తిడి ఎంతుందో ఈసీయూకి చెప్పేది మూడు వైర్ల సెన్సర్. నల్ల డబ్బా కూర్చున్నది సరిగ్గా ఆ వైర్ల మధ్యే.

రైలులో 1000 బార్ ఉంటే డబ్బా ‘900 ఉంది’ అని చెబుతుంది. ఈసీయూ పాపం, తక్కువైందనుకుని పంపుతో ఇంకా తోయిస్తుంది. దానికి 1000 కనిపించేసరికి లోపల 1100 దాటిపోయి ఉంటుంది. ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం అదే, ఒత్తిడి ఎక్కువ, కాబట్టి డీజిల్ ఎక్కువ. నా యాప్ అంకెలు తీసుకునేది ఈసీయూ దగ్గరే కదా! ఆ రోజు ఫోన్‌లో నేను చూసింది ఒత్తిడిని కాదు, డబ్బా చెప్పిన అబద్ధాన్ని.

మైలేజీ మాయ కూడా ఇక్కడే ఉంది. డ్యాష్‌బోర్డులో మైలేజీ చూపించే బండ్లలో ఈసీయూ ఎంత డీజిల్ పోశానన్నది ఒత్తిడి, ఇంజెక్టర్ సమయం చూసి లెక్కేస్తుంది. ఒత్తిడే తప్పుగా చెబితే తక్కువ డీజిల్ వాడానని నమ్మి, మంచి మైలేజీ చూపిస్తుంది. అసలు సంగతి ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ లెక్కలోనే బయటపడుతుంది.

ఫ్లూయిడ్ మెకానిక్స్ అడిగే ప్రశ్న

మరి ఇరవై ఐదు శాతం మాటేంటి? సెకండియర్‌లో చదివిన ఆరిఫిస్ ఫార్ములా గుర్తుందా? రంధ్రంలోంచి వెళ్లే ప్రవాహం ఒత్తిడికి వర్గమూలంగా పెరుగుతుంది. ఒత్తిడి 10 శాతం పెంచితే డీజిల్ పెరిగేది సుమారు 5 శాతమే. 25 శాతం ఎక్కువ డీజిల్ కావాలంటే ఒత్తిడి 56 శాతం పెరగాలి. అంటే 1600 బార్‌కి తయారైన సిస్టమ్‌ని 2500కి నెట్టాలి! ఈ లెక్క నేను రాణిగంజ్ వెళ్లకముందే వేసుకోవాల్సింది. పుస్తకం సంచిలోనే ఉంది.

మరి బండి చురుగ్గా ఎందుకనిపించింది? పెడల్ కొంచెం నొక్కినా ఎక్కువ డీజిల్ పడుతోంది కాబట్టి. దానికి తగ్గ గాలి టర్బో నుంచి రాకపోతే మిగిలేది పొగా, వేడీ.

మెకానిక్ మాటలో కొంత నిజం లేకపోలేదు. కంపెనీలు ఇంజిన్‌లో కొంత మార్జిన్ వదిలే మాట వాస్తవం. స్కార్పియోకి 2.2 లీటర్ ఎంహాక్ ఇంజిన్ 120 బీహెచ్‌పీతో వచ్చింది. 2011లో అదే 2.2 లీటర్ ఎంహాక్ ఎక్స్‌యూవీ500లో 140 ఇచ్చింది. కానీ ఆ ఇరవై కోసం కంపెనీ గాలి, డీజిల్, వేడి, పొగ అన్నీ మళ్లీ సరిచూసుకుని, పరీక్షలు పాసై అమ్మింది. సెన్సర్‌ని మోసం చేయడానికీ దీనికీ పోలికే లేదు. ఈసీయూలోని మ్యాపులనే తిరగరాసే రీమ్యాప్, చేసేవాడికి పని తెలిస్తే డబ్బా కంటే మేలు. చట్టం ముందు మాత్రం రెండూ ఒకటే.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకీ ఓనర్‌కి ఐదు వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, రెండూ పడొచ్చు. వారంటీ ఎలాగూ పోతుంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 డీజిల్ బండ్లలోనైతే ఆ పొగ మసి అంతా డీపీఎఫ్ ఫిల్టర్‌లో పేరుకుంటుంది.

ఈ పనికే జీతమిస్తారు

ఇంజిన్ మ్యాపుల్లో ఏ అంకె ఉండాలో టెస్ట్ బెంచ్ మీద, రోడ్డు మీద కొలిచి తేల్చే పనిని కాలిబ్రేషన్ అంటారు. కాలేజీలో ఉన్నన్నాళ్లూ ఇదొక ఉద్యోగమని నాకు ఎవరూ చెప్పలేదు. మెకానికల్ వాళ్లే కాదు, ఈసీఈ, ఈఈఈ వాళ్లూ వెళ్లొచ్చు. మ్యాట్‌ల్యాబ్, సిమ్యులింక్, క్యాన్ ప్రోటోకాల్ తెలిసి ఉండాలి. ఇన్‌కా, క్యానేప్ లాంటి టూల్స్ ఖరీదైనవి, చాలా కాలేజీల్లో దొరకవు. వాటి గురించి దిగులొద్దు, చేరాక నేర్చుకోవచ్చు. మన హైదరాబాద్‌లోనే హ్యుందాయ్, జడ్‌ఎఫ్, బాష్‌ల ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. ఇంజిన్ టెస్టింగే కావాలంటే పుణె, చెన్నై వైపు చూడాల్సి రావచ్చు.

‘డీజిలే పోతోంది కదన్నా’ అని జూనియర్లు అడుగుతుంటారు. నిజమే, మారుతి 2020లోనే డీజిల్ కార్లు ఆపేసింది. కానీ ఈవీ మోటార్ కంట్రోలర్‌కీ, బ్యాటరీ మేనేజ్‌మెంట్‌కీ మ్యాపులుంటాయి. వాటినీ ఎవరో ఒకరు కొలవాలి.

ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే కొన్ని వందల రూపాయల ఈఎల్ఎం327 అడాప్టర్, పైథాన్‌లో ఉచితంగా దొరికే పైథాన్-ఓబీడీ లైబ్రరీ చాలు. ఇంట్లోదో తెలిసినవాళ్లదో కారు తీసుకుని, వాళ్లు నడుపుతుంటే ఆర్‌పీఎం, లోడ్, రైల్ ప్రెజర్ ఓ గంట రికార్డ్ చేయండి. గ్రాఫ్ గీసి, గేరు మార్చిన ప్రతిచోటా ప్రెజర్ ఎందుకలా మారిందో పక్కన రాయండి. రెజ్యూమెలో ‘ఆటోమొబైల్స్ మీద ఆసక్తి’ అని రాసుకోవడం కంటే ఆ ఒక్క పేజీ ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడిస్తుంది.

మామ బండికి కొత్త క్లచ్ వేయించాం. డబ్బా నేనే పీకేశా, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మర్నాడు శామీర్‌పేట రోడ్డు మీద మళ్లీ యాప్ తెరిచా. రైల్ ప్రెజర్ అంకె పాతదే. ఈసారి అది నిజం.