షామియెన్ ద్వీపమున ఆదివారము

చీనా దేశపు దక్షిణభాగమున, ముత్యాల నది యొడ్డున వెలసిన గ్వాంగ్‌జౌ మహానగరమును అంటియు నంటకయు షామియెన్ అను చిన్న ద్వీపమొకటి కలదు. రెండవ నల్లమందు యుద్ధకాలమున, అనగా 1859 ప్రాంతమున, ఆ యిసుకతిన్నెకును నగరమునకును నడుమ కాలువ త్రవ్వించి, ఐదు పాళ్లలో నాలుగింటిని ఆంగ్లేయులును, ఒకదానిని ఫ్రెంచివారును పంచుకొని, అందు తమ బ్యాంకులను, కార్యాలయములను, దేవాలయములను నిర్మించుకొనిరి. ఆ యధికారము గతించినది. మర్రిచెట్ల నీడలును, ఆంగ్లికను దేవాలయమును, లూర్దుమాత పేర వెలసిన కథోలిక మందిరమును మిగిలినవి. 1990 తరువాతి రెండు దశాబ్దులలో ఈ ద్వీపపు వీధులలో నడచినవారికి, చీనా శిశువులను తోపుడుబండ్లలో కూర్చుండబెట్టుకొని మెల్లగా తిరుగు అమెరికా దంపతులు అడుగడుగునను కానవచ్చుచుండిరి.

వారిని అచ్చటికి చేర్చినది చట్టము. 1992 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చిన దత్తత శాసనము విదేశీయులు చీనా బిడ్డలను పెంచుకొనుటకు దారి తెరచినది. దంపతులు మొదట బిడ్డ పెరుగుచున్న రాష్ట్రపు ముఖ్యనగరమునకు పోయి, శరణాలయపు ఆయా చేతినుండి బిడ్డను అందుకొని, పౌరవ్యవహారముల కార్యాలయమున దత్తతను నమోదు చేయించి, బిడ్డకు పాస్‌పోర్టు వచ్చువరకు అచ్చటనే వేచియుండవలసియుండెను. పిదప అమెరికావారు తప్పక గ్వాంగ్‌జౌ రావలసియుండెను. ఏలయన దత్తత బిడ్డలకు వీసా లిచ్చు అమెరికా కాన్సలేటు చీనా యంతటికిని అచ్చటిది యొక్కటియే యుండెను. వైద్యపరీక్షలు, పత్రములు, సంతకములు, ఇవన్నియు ముగియుటకు సుమారు రెండు వారములు పట్టుచుండెను. ఆ రెండు వారములలో ఆదివారములును వచ్చుచుండెను. క్రైస్తవులైనవారు నూతనశిశువు నెత్తుకొని దేవాలయమునకు పోవుచుండిరి.

చీనాలో పరదేశి ఆరాధనకు పోవచ్చునా యని మన పాఠకులు సందేహింపవచ్చును. పోవచ్చును. ప్రభుత్వమువద్ద నమోదైన ఆలయములలో విదేశీయులు ఆరాధనలో పాల్గొనవచ్చుననియు, ఆహ్వానము లేనిదే బోధింపరాదనియు, మతములో ఎవరిని చేర్చుకొనరాదనియు 1994లో వెలువడిన నిబంధనలు చెప్పుచున్నవి. వానిలో ప్రొటెస్టెంటు ఆలయములు ‘త్రిస్వయం’ ఉద్యమమునకు చెందినవి: స్వయంపాలన, స్వయంపోషణ, స్వయంప్రచారము. సాంస్కృతిక విప్లవకాలమున మూతబడిన తలుపులు 1979 నుండి మరల తెరచుకొనగా, ఆ కష్టకాలమున విశ్వాసమును గుండెలో దాచుకొని బ్రతికిన అవ్వలే ముందువరుస బల్లలను అలంకరించుచుండిరని అచ్చట నొక గంట కూర్చుండిన వారెల్లరును చెప్పుదురు.

ఆరాధనక్రమము ఎల్లెడల నొకటియే: కీర్తన, ప్రార్థన, వాక్యపఠనము, ప్రసంగము, ఆశీర్వాదము. కాని భాష యన్యము. గ్వాంగ్‌జౌలో ఆరాధనలు కాంటనీసులోను, మాండరిన్‌లోను జరుగును. పరదేశి చేతికి వచ్చిన కీర్తనల పుస్తకములో ఒక్క యక్షరమును బోధపడదు. అయినను చీనాలో స్వరములను అంకెలతో వ్రాయు పద్ధతి వాడుకలో నున్నది గనుక, 1 మొదలు 7 వరకు గల అంకెలు మన సరిగమలవలె పేజీనిండ నిలిచి, చిన్ననాడు తన యూరి ఆలయమున విన్న రాగమే యిదియని చెప్పును. అతడు మాటలు లేక రాగము నాలపించును. అచ్చట తెలుగువాడే యుండినచో అతనికి మరియొక సంతోషము కలుగును: మాండరిన్‌లో ప్రభువు పేరు ‘యేసూ’. ఆంగ్లేయుని పలుకుకంటె అది మన పలుకునకు దగ్గర. ఈ చుట్టరికము ఊరక కలిగినదనిపించినను, 1805లో విశాఖపట్టణమునకు క్రాన్, డేగ్రాంజి అను బోధకులను పంపి తెలుగు సువార్తానువాదమునకు పూనుకొన్న లండన్ మిషనరీ సంఘమే, రెండేండ్లకు, 1807లో, రాబర్టు మారిసన్‌ను ఈ గ్వాంగ్‌జౌకే పంపినది.

నా దృష్టిలో ఆ గంటయే ఈ ప్రయాణమంతటిలో మిక్కిలి విలువైనది. ఆ దంపతుల చుట్టునున్నవారు నవ్వుచున్నారు, లేచుచున్నారు, కన్నులు మూయుచున్నారు, ఎందులకో తెలియదు, ఇతరులను చూచి తామును లేవవలెను. ‘ఆమేన్’ అను నొక్కమాటను మాత్రము పట్టుకొని వ్రేలాడవలెను. సరిగా రేపు తమ యింట ఈ బిడ్డకు కలుగబోవు స్థితి యిదియే. హునాన్‌లోనో, జియాంగ్‌షీలోనో పెరిగిన పసిదానికి కాంటనీసు సైతము క్రొత్తదే కావచ్చును. కాని ఆ ముఖములు, ఆ నడవడి, ఆ వంటింటి వాసనలు పుట్టినింటివి. వానినన్నిటిని విడిచి పోవుచున్నది పెద్దలు కారు, ఆమె. దీనిని నోటిమాటలతో ఏ కార్యాలయమును వారికి నేర్పజాలదు.

ఆ దంపతుల కృతజ్ఞతాప్రార్థనలో దత్తతను గురించి పౌలు రోమీయులకు వ్రాసిన యుపమానము స్ఫురించుట సహజము. దానికంటె మోషే కథ దగ్గరిదని నేను తలంతును. రాజశాసనము కారణమున తల్లి బిడ్డను దాచగలిగినంతకాలము దాచినది. దాచలేక, కనుగొనబడుచోట నుంచినది. అక్క దూరమున నిలిచి చూచినది. చీనాలో 1980 ప్రాంతమున మొదలై 2015 వరకు సాగిన ఏకసంతాన విధానమువలన, పుత్రుని కోరు కుటుంబములలో ఎందరో ఆడుబిడ్డలు సంత వాకిట, పోలీసుఠాణా మెట్లపై వదలబడిరి. బిడ్డను వదలుట నేరము గనుక ఏ తల్లియు దత్తతకు సంతకము చేయజాలకపోయెను. పుట్టినదినము వ్రాసిన చీటి యొక్కటియే కొందరు బిడ్డలకు మిగిలినది. ఈ తల్లులను వెదకి మాటలాడిన కే ఆన్ జాన్సన్ అను విదుషి, వారు బిడ్డలను వలదనుకొన్నవారు కారనియు, చీనాలోనే పెంచుకొన దలచిన కుటుంబములకు ఆ చట్టములే అడ్డువచ్చెననియు 2016లో వెలువడిన తన గ్రంథమున చూపినది. 2005లో హునాన్ రాష్ట్రమున కొన్ని శరణాలయములు శిశువులను కొనినట్లు బయటపడి, మరుసటి యేట న్యాయస్థానము శిక్షలు విధించినది. కనుక కృతజ్ఞత చెప్పు నాలుకయే ఆ యజ్ఞాత మాతకొరకు దుఃఖించుటయు నేర్వవలెను. ఈ రెండును ఒకే ప్రార్థనలో ఇముడని యెడల ఆ ప్రార్థన సగమే.

ఇపుడా తోపుడుబండ్లు లేవు. 2024 సెప్టెంబరులో చీనా ప్రభుత్వము, సమీపబంధువుల దత్తతలు తప్ప, విదేశీదత్తతలను నిలిపివేసినది. అంతకుముందు 1,60,000కు పైబడి బిడ్డలు విదేశములకు పోయిరి. అందు అమెరికా చేరినవారు 82,000కు పైన. అప్పటికే తమకు కేటాయింపబడిన బిడ్డ చిత్రమును గోడకు తగిలించుకొని యెదురుచూచుచుండిన వందలాది కుటుంబములకు, వారికంటె నధికముగా ఆ బిడ్డలకు, ఆ కబురు పిడుగువంటిది.

ఆ దినములలో ఆరాధన ముగిసినపిదప వాకిట జరిగినది ఆ దంపతులు మరువనిది. ‘పింగ్ ఆన్’, శాంతి, అని పలుకరించుచు నొక యవ్వ దరికి వచ్చును. ఆమె చూపు తల్లిదండ్రులపై నిలువక బిడ్డ పాదములపైకి దిగును. మేజోడు జారి చీలమండ కనబడుచున్నది. చలికాలము కాకున్నను సరియే, ఆమె గద్దించుచు, వంగి, మేజోడు పైకిలాగి, లాగుయంచును దానిపై సవరించి, బుగ్గ నిమిరి యేదో చెప్పును. అర్థము కాక ఆ దంపతులు తలలూపుదురు. అంతవరకు నేలచూపులు చూచుచుండిన బిడ్డ కన్నులెత్తి అవ్వ నోటివంకనే చూచుచుండును.