కాలువ చివరి మడికీ ఒక వాటా

తూము తెరిచిన రోజు నీళ్లు ముందుగా చేరేది కాలువ మొదట్లో ఉన్న పొలానికే. ఆ రైతు మడవ తీసి, మడి నిండేదాకా చూసి, నాలుగు పారల మట్టితో మళ్లీ మూసేస్తే నీళ్లు కింది పొలానికి సాగుతాయి. మూయకుండా ఇంటికెళ్లి పడుకుంటే అతని మడిలో అవసరానికి మించి నీళ్లు నిలుస్తాయి, నాలుగు కిలోమీటర్ల కింద ఉన్న మడి నెర్రెలిస్తుంది. మడవ కట్టడం రెండు నిమిషాల పని. ఆ పని కొన్ని ఊళ్లలో ఎవరూ చెప్పకుండానే జరిగిపోతుంది, కొన్ని ఊళ్లలో పోలీసులొచ్చినా జరగదు. ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికే శాస్త్రం ఒకటుంది. పేరు గేమ్ థియరీ. జాన్ వాన్ నాయ్‌మన్, ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ 1944లో రాసిన పుస్తకంతో దానికి పునాది పడింది. పేరులో ఆట ఉన్నా అది చూసేది బతుకు వ్యవహారాలనే. ఎదుటివాడు ఏం చేస్తాడో అంచనా వేసుకుని, దాన్నిబట్టి తానేం చేయాలో మనిషి తేల్చుకునే ప్రతి సందర్భమూ దాని దృష్టిలో ఆటే. చాలీచాలని నీళ్లు, ఉమ్మడి బీడు, చెరువులో చేపలు, ఆస్పత్రిలో పడకలు... ఏదైనా సరే, పంపకం దగ్గర అది రెండు విషయాలు అడుగుతుంది. ఎవరికెంత ఇస్తే న్యాయం? ఆ న్యాయానికి అందరూ కట్టుబడి ఉండేలా చేయడం ఎలా?

రెండు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు చెప్పే పద్ధతి మన ఇళ్లలోనే ఉంది. అన్నదమ్ములు ఆస్తి పంచుకునేటప్పుడు ఒకరు భాగాలు వేస్తారు, రెండోవారు ముందుగా కోరుకుంటారు. భాగాలు వేసేవాడు, తమ్ముడి మీద ప్రేమ ఉన్నా లేకపోయినా, సమానంగానే వేస్తాడు. ఎందుకంటే చిన్న భాగం మిగిలేది తనకే. ఇద్దరికి సరిపోయే ఈ పద్ధతి ముగ్గురైతే ఎలాగని పోలండ్ గణిత శాస్త్రవేత్త హ్యూగో స్టైన్‌హౌస్ 1940లలో ఆలోచించారు. పంపకాల గణితం అక్కడి నుంచే పెరిగింది. మనుషుల మంచితనం మీద భారం వేయకుండా, న్యాయంగా ఉండటమే లాభమయ్యేలా నియమం పెట్టడం ఇందులోని కిటుకు.

అలాంటి నియమం లేనిచోట ఏమవుతుందో బోర్లు చూపిస్తాయి. పక్కపక్క పొలాల రైతులిద్దరున్నారు, ఇద్దరి బోర్లకూ కింద ఉన్నది ఒకటే నీరు. ఇద్దరూ ఆరుతడి పంటలేస్తే ఇద్దరి బోర్లూ పంట చేతికొచ్చేదాకా పోస్తాయి. ఒకరు వరి వేసి రెండోవారు ఆరుతడికే ఉంటే వరి రైతుకు రాబడి ఎక్కువ, పక్కవాడి బోరు సన్నగిల్లుతుంది. ఇద్దరూ వరికి దిగితే ఇద్దరివీ మధ్యలోనే ఎండిపోతాయి. ఇప్పుడు ఒక్క రైతు మనసులో లెక్క ఇలా సాగుతుంది: పక్కవాడు పొదుపుగా ఉంటే నాకు వరే లాభం. పక్కవాడు వరి వేస్తే, నేను మిగిల్చిన నీళ్లు అతని మోటారుకే పోతాయి, కాబట్టి అప్పుడూ వరే మేలు. రెండోవాడి లెక్కా అదే. ఇద్దరూ తెలివిగా ఆలోచించి ఇద్దరూ మునుగుతారు. ఆ తర్వాత మొదలయ్యేది ఇంకా లోతుకు బోరు వేసే పోటీ, దానికోసం చేసే అప్పు.

గేమ్ థియరీలో దీన్ని ‘ఖైదీల సందిగ్ధం’ అంటారు. ఉమ్మడి వనరులన్నిటికీ ఇదే గతి అని అమెరికా శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 1968లో రాశారు. అయితే ఎలినోర్ ఆస్ట్రమ్ అనే ఆచార్యురాలు దేశదేశాల పల్లెలను పరిశీలించి, చాలాచోట్ల జనం తమ నియమాలు తామే పెట్టుకుని వందల ఏళ్లుగా నీటిని, అడవిని కాపాడుకుంటున్నారని చూపించారు. 2009లో ఆమెకు ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమే.

ఇక ఎవరికెంత అన్న లెక్క. అందరూ అడిగింది ఇవ్వడానికి చాలనప్పుడు ఎలా పంచాలన్న చర్చ చాలా పాతది. యూదుల ధర్మశాస్త్రం తాల్ముద్‌లో దాదాపు 1800 ఏళ్ల నాటి తీర్పు ఒకటుంది. ఒక వ్యక్తి చనిపోయాడు. ముగ్గురు భార్యలకు అతను రాసిచ్చిన పత్రాల ప్రకారం ఒకరికి 100, ఇంకొకరికి 200, మూడోవారికి 300 రావాలి. మిగిలిన ఆస్తి 100 మాత్రమే అయితే ముగ్గురికీ సమానంగా పంచమంది తీర్పు. 300 ఉంటే 50, 100, 150 ఇమ్మంది. అంటే పత్రాల నిష్పత్తిలో. 200 ఉంటే మాత్రం 50, 75, 75 అంది. ఇది సమానమూ కాదు, నిష్పత్తీ కాదు. ఈ అంకెల వెనక సూత్రమేమిటో తెలియక పండితులు శతాబ్దాల పాటు తలలు పట్టుకున్నారు.

1985లో రాబర్ట్ ఆమన్, మైఖేల్ మాష్లర్ అనే గేమ్ థియరీ పండితులు ఆ ముడి విప్పారు. తాళం చెవి అదే గ్రంథంలో మరోచోట దొరికింది. ఒక వస్త్రం మొత్తం నాదేనని ఒకడు, సగం నాదని ఇంకొకడు వాదిస్తే మొదటివాడికి ముప్పావు, రెండోవాడికి పావు ఇమ్మని ఉంది. ఒక సగం మీద తగాదాయే లేదు, అది మొదటివాడికి పోతుంది. తగాదా ఉన్న సగాన్ని ఇద్దరికీ చెరిసగం చేస్తారు. ఇప్పుడు 200 ఆస్తి కేసులో మొదటి ఇద్దరు భార్యలకు కలిపి వచ్చింది 125. అందులో 100కు మించిన 25 మీద మొదటి భార్యకు హక్కు లేదు, అది రెండో భార్యకే. మిగిలిన 100లో చెరి 50. మొత్తం 50, 75. ఏ ఇద్దరిని పక్కన నిలబెట్టి చూసినా వస్త్రం తీర్పే కనిపిస్తుంది. సూత్రం సారాంశం ఇది: మొత్తం బాకీలో సగం కూడా లేనప్పుడు దొరికినదాన్ని వీలైనంత సమానంగా పంచాలి, ఎవరికీ వారి బాకీలో సగానికి మించకూడదు. సగం దాటితే నష్టాన్ని వీలైనంత సమానంగా పంచాలి, ఎవరికీ సగానికి తగ్గకూడదు. ఆమన్‌కు 2005లో నోబెల్ వచ్చింది.

ఈ లెక్కను కృష్ణానదికి పెట్టి చూస్తే తగాదా ఎందుకు తెగదో తెలుస్తుంది. 1969లో ఏర్పాటైన బచావత్ ట్రైబ్యునల్ కృష్ణాలో 75 శాతం విశ్వసనీయతతో 2060 టీఎంసీలున్నాయని తేల్చింది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. పొలాల నుంచి తిరిగి నదిలో కలిసే నీటిని కూడా కలిపి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811, కర్ణాటకకు 734, మహారాష్ట్రకు 585 కేటాయించింది. మొత్తం 2130. 75 శాతం విశ్వసనీయత అంటేనే నూటికి పాతికేళ్లు నది అంత పారదని అర్థం.

అలాంటి ఏడాది 1500 టీఎంసీలే వచ్చాయనుకుందాం. తలా సమానంగా పంచితే మూడు రాష్ట్రాలకూ 500 చొప్పున వస్తాయి. కేటాయింపుల నిష్పత్తిలో పంచితే ఆంధ్రప్రదేశ్‌కు 571, కర్ణాటకకు 517, మహారాష్ట్రకు 412. లోటును తలా 210గా భరిస్తే, తాల్ముద్ సూత్రమూ ఇక్కడ ఇదే చెబుతుంది, వరసగా 601, 524, 375. నది ఒకటే, నీళ్లు అవే. పద్ధతి మారితే మహారాష్ట్ర వాటాలో 125 టీఎంసీల తేడా! మూడు పద్ధతులకూ ధర్మబద్ధమైన వాదన ఉంది. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తనకు ఎక్కువ ఇచ్చే పద్ధతినే న్యాయమంటుంది, మనస్ఫూర్తిగానే అంటుంది.

అందుకే నియమం కరవు రాకముందే కుదరాలి. మిగులునూ లోటునూ కలిసి పంచుకునే ‘స్కీమ్ బి’ని కూడా బచావత్ ట్రైబ్యునల్ ఆలోచించింది, కానీ అమల్లోకి వచ్చింది పైన చెప్పిన కేటాయింపుల ‘స్కీమ్ ఎ’ ఒక్కటే. కావేరి విషయంలో ట్రైబ్యునల్ 2007 నాటి తుది తీర్పు కరవు ఏడాది వాటాలను దామాషాగా తగ్గించుకోమని చెప్పింది. అయినా వానలు తగ్గిన ప్రతిసారీ అసలు ఇది ఎంత కరవు అన్నదాని మీదే వాదన లేస్తోంది. రాష్ట్రం విడిపోయాక 811 టీఎంసీల్లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని 2015లో తాత్కాలిక ఏర్పాటు జరిగింది. పరీవాహక ప్రాంతాన్ని బట్టి పంచాలని తెలంగాణ, ఇప్పటికే ఉన్న ఆయకట్టును కాపాడాలని ఆంధ్రప్రదేశ్ వాదిస్తున్నాయి.

నీళ్లతోపాటు ఖర్చు పంపకానికీ సూత్రముంది. గేమ్ థియరీ పండితుడు లాయిడ్ షాప్లీ 1953లో చెప్పిన లెక్క ప్రకారం ఎవరి రాకవల్ల ఎంత ఖర్చు పెరిగిందో, అన్ని వరసల్లోనూ చూసి సగటు తీయాలి. ఉదాహరణకు, మూడు కిలోమీటర్ల పిల్లకాలువ మీద కిలోమీటరుకు ఒకరు చొప్పున ముగ్గురు రైతులున్నారు. పూడిక తీయడానికి కిలోమీటరుకు 60 వేలు. మొదటి కిలోమీటరు ముగ్గురికీ కావాలి కాబట్టి తలా 20 వేలు. రెండోది ఇద్దరికే, చెరి 30 వేలు. మూడోది చివరి రైతు ఒక్కడికే. మొత్తం మీద 20 వేలు, 50 వేలు, లక్షా 10 వేలు. బర్మింగ్‌హామ్ విమానాశ్రయంలో చిన్న, పెద్ద విమానాలు రన్‌వే ఖర్చును ఎలా భరించాలో 1973లో ఇదే పద్ధతిలో లెక్కవేసి చూపారు. షాప్లీకి 2012లో నోబెల్ దక్కింది.

కానీ ఈ లెక్క చివరి రైతును కుంగదీస్తుంది. నీళ్లు ఆఖరున అందేది అతనికే, ఖర్చు ఎక్కువ పడేదీ అతనికే. లెక్క తప్పు కాదు. వాటా పంపకాన్నీ ఖర్చు పంపకాన్నీ విడివిడిగా చూడటమే తప్పు. నేపాల్ అనుభవం ఈ సంగతి బాగా చెబుతుంది.

నేపాల్ కొండల్లో రైతులు రాళ్లు, కొమ్మలు, మట్టితో వాగుకు అడ్డుకట్ట వేసుకుని నీళ్లు మళ్లించుకునేవారు. వాన వరదకు ఆ కట్ట కొట్టుకుపోయేది, ఏటా మళ్లీ కట్టాలి. ఆ పనికి ఎగువ రైతుల చేతులు చాలవు, దిగువవాళ్లూ కావాలి. నీళ్లివ్వకపోతే దిగువ రైతు పనికి రాడు. అందుకని ఎగువ రైతు మడవ కట్టేవాడు. సాయం చేద్దామని వచ్చిన ఇంజినీర్లు సిమెంటుతో శాశ్వతమైన ఆనకట్ట కట్టిన చోట్ల ఈ లంకె తెగిపోయింది. ఎగువ రైతుకు దిగువవాడితో పనిలేకుండా పోయింది, చివరి మడికి నీళ్లు తగ్గాయి. మంచి కట్టడమే పంపకాన్ని చెడగొట్టిందని ఆస్ట్రమ్ 1993లో తన సహచరుడు రాయ్ గార్డ్‌నర్‌తో కలిసి గేమ్ థియరీ లెక్కలతో వివరించారు.

మన కర్నూలు జిల్లాలో ఇంకో సంగతి బయటపడింది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు అక్కడి కాలువ కింది ఊళ్లు తిరిగి 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ పుస్తకం రాశారు. కాలువ మొదట్లో నీళ్లు పుష్కలంగా ఉన్న ఊళ్లలో ఉమ్మడి ఏర్పాట్లు పెద్దగా లేవు. చివర్లో ఉన్న ఊళ్లు మాత్రం అందరి పొలాలకూ నీళ్లు పెట్టే మనుషులను, పంట కాపలాదారులను ఊరి తరఫున పెట్టుకున్నాయి. కోతలయ్యాక పొలాల్లో గొర్రెల మేతకు పాట పెట్టి ఉమ్మడి నిధి కూడా సమకూర్చుకున్నాయి. కలిసి లేకపోతే అందరికీ నష్టమని కళ్లకు కనిపించిన చోట జనం కలిశారు.

నియమం నిలవాలంటే కాపలా కూడా సులువుగా ఉండాలి. వంతులవారీగా నీళ్లు పెట్టుకునే వారబందీ పద్ధతిలో వంతు అయిపోయినవాడు, వంతు కోసం ఎదురుచూసేవాడు మడవ దగ్గరే కలుస్తారు. ఒకరికొకరు కాపలా, దానికి జీతమక్కర్లేదు. స్పెయిన్‌లోని వలెన్సియాలో కాలువ రైతులు ఎన్నుకున్న న్యాయమూర్తులు ప్రతి గురువారం పట్టపగలు చర్చి గుమ్మం ముందు అందరూ చూస్తుండగా నీటి తగాదాలు నోటిమాటతోనే తీర్చేస్తారు. 2009లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. శ్రీలంకలో చెరువులో నీళ్లు తక్కువైన ఏడాది ‘బెత్మ’ అనే ఆచారం ప్రకారం తూముకు దగ్గరి భూమినే ఆ పంట వరకు అందరూ పంచుకుని సాగు చేస్తారు. ఎగువ, దిగువ తేడాయే ఉండదు. తెలంగాణలో చెరువు నీళ్లు చూసి యాసంగికి ఎన్ని ఎకరాలకు పారించాలో ముందే ఖరారు చేసే తైబందీ కూడా ఈ కోవలోదే.

కంటికి కనిపించని భూగర్భజలానికి కూడా ఇది సాధ్యమే. ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ సహా ఏడు కరవు జిల్లాల్లో రైతుల ఆధ్వర్యంలో ఒక భూగర్భజల పథకం నడిచింది. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు. యాసంగికి ముందు కూర్చుని ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిందెంత అని బడ్జెట్ వేసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ శాసించలేదు. అయినా అనేక చోట్ల తోడకం తగ్గిందని ప్రపంచ బ్యాంకు 2010 నివేదికలో రాసింది. పక్కవాడు ఏం వేస్తున్నాడో, కింద ఎంత ఉందో తెలియని చీకట్లో ఆడిన ఆట, గోడ మీద అంకెలు రాసి పెట్టాక వేరే ఆటగా మారింది.

1997 నుంచి మన కాలువల కింద చట్టబద్ధంగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడుతున్నాయి. తూము తెరవకముందే ఆ సంఘాల రైతులు ఒక సాయంత్రం కూర్చుని మూడు సంగతులు కాగితం మీద పెట్టుకోవాలి: నీళ్లు పావు తగ్గితే ఎవరికెంత, సగానికి పడిపోతే ఎవరికెంత, పూడికతీతకు ఎవరి పని ఎంత. ఆ కాగితం మీద మొదటి సంతకం కాలువ చివరి రైతు చేత చేయించాలి.