మామిడి తోటలో ఫాక్స్‌ట్రాట్

గత వేసవిలో నూజివీడు దగ్గరి ఒక మామిడి తోటలో జరిగిన కృతజ్ఞతా కూడికకు నన్ను పిలిచారు. వృద్ధ దంపతులకు పెండ్లి జరిగి 50 సంవత్సరాలు నిండిన సందర్భము. ఆయన ఆంగ్లో ఇండియన్. రైల్వేలో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరయ్యారు. ఆమె మన ప్రాంతపు ఆడపడుచే. తోట ఆమె అన్నగారిది. పిల్లలు ఆస్ట్రేలియాలో స్థిరపడగా వీరూ అక్కడికే వెళ్లిపోయారు.

ప్రార్థన ముగిసి, భోజనాలయ్యాక మనుమడు ఒక ఇంగ్లీషు పాట పెట్టాడు. పెద్దాయన కోటు సర్దుకొని, భార్య ఎదుట తల వంచి చేయి చాచారు. ఆమె చీర కుచ్చెళ్లు కాస్త పైకి దోపుకొని లేచింది. కాయలు పోసే షెడ్డులో, చిన్న రసాల వాసన మధ్య, ఇద్దరూ నాట్యం మొదలుపెట్టారు.

మా సంఘ పెద్దలు ముగ్గురు లేచి బయటికి నడిచారు. ఒకాయన నా దగ్గర ఆగి, “అయ్యగారూ, మీరుండగా ఇదేమిటండీ?” అన్నారు. నేను దావీదు సంగతి ఎత్తాను. “దావీదు మందసము ఎదుట ఆడాడండీ. ఆడమనిషిని పట్టుకొని ఆడలేదు” అన్నారాయన. నాకు జవాబు తోచలేదు. నిజం చెప్పాలంటే, యౌవనస్థుల కూడికలలో జంట నాట్యాన్ని గట్టిగా ఖండించినవాడిని నేనే. ఎన్నడూ చూడకుండానే ఖండించాను.

చూస్తే అది నడకలాగే ఉంది. గెంతులు లేవు, ఊపులు లేవు. రెండు నిదానపు అడుగులు, రెండు చురుకు అడుగులు. నిదానపు అడుగుకు తాళంలో రెండు దెబ్బలు, చురుకు అడుగుకు ఒకటి. పాట ఆగాక పెద్దాయన ప్రక్కన కూర్చొని అడిగాను. “దీని పేరు ఫాక్స్‌ట్రాట్, పాస్టరు గారూ. నక్క నడక అనుకునేరు!” అని నవ్వారు.

1914లో న్యూయార్క్ నాటకశాలలో హారీ ఫాక్స్ అనే నటుడు చేసిన పరుగు నడకను బట్టి ఆ పేరు వచ్చిందని సాధారణంగా చెబుతారు. దానిని మర్యాదస్థుల హాళ్లలోకి తెచ్చినవారు వెర్నన్, ఐరీన్ క్యాజిల్ దంపతులు. వారి వాద్యబృందానికి నాయకుడు జేమ్స్ రీస్ యూరప్ అనే నల్లజాతి సంగీతకారుడు. ‘మెంఫిస్ బ్లూస్’ బాణీని ఆయన నిదానంగా వాయించడం నుండే ఈ నాట్యం పుట్టిందని ఆ బాణీ కర్త డబ్ల్యూ.సి. హ్యాండీ చెప్పాడు. అదే 1914లో రోమ్ నగరంలో ఒక కార్డినల్ టాంగో నాట్యాన్ని ఖండించాడు. కాబట్టి మా పెద్దల అభ్యంతరం కొత్తదేమీ కాదు.

తర్వాత 1920లలో ఇంగ్లండు వారు దీనికి కట్టుదిట్టమైన పద్ధతులు ఏర్పరచారు. వేగంగా ఆడే రకం విడిపోయి క్విక్‌స్టెప్ అయింది. నిదానపుది స్లో ఫాక్స్‌ట్రాట్‌గా నిలిచింది. వాల్ట్జ్, టాంగో, వియన్నా వాల్ట్జ్‌లతో కలిపి ఈ రెండూ నేటికీ బాల్‌రూమ్ పోటీలలోని ఐదు ప్రామాణిక నాట్యాలు.

ఐదింటిలో ఇదే కష్టమన్నారు పెద్దాయన. వాల్ట్జ్‌లో మూడో దెబ్బకు పాదాలు ప్రక్క ప్రక్కకు చేరుతాయి; తడబడినవాడు అక్కడ సర్దుకోవచ్చు. ఫాక్స్‌ట్రాట్‌లో పాదం పాదాన్ని దాటి పోతూనే ఉంటుంది. ఆగి సర్దుకొనే చోటు దాదాపు లేదు. “ప్యాసింజరు బండిని జర్కు లేకుండా కదిలించడం లాంటిదండీ. కదిలిన సంగతి లోపల నిద్రపోయేవాడికి తెలియకూడదు” అన్నారు.

ఆయన నేర్చుకొన్నది బిట్రగుంటలో. నెల్లూరు జిల్లాలోని ఆ ఊరు ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకోషెడ్డు ఊరు. అక్కడా, కాజీపేటలోనూ, సికింద్రాబాదు లాలాగూడలోనూ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలుండేవి. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలే వారి లోకం. క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ నేల నున్నగా తయారుచేసి, తల్లిదండ్రులు గోడ ప్రక్క కుర్చీలలో కూర్చొని చూస్తుండగా పిల్లలు ఆడేవారట. “మా అమ్మ చూపు తప్పించుకొని ఎవరు ఏం చేయగలరండీ?” అన్నారాయన. గోడ ప్రక్క కూర్చొన్న ఆ తల్లుల సంగతి నా ప్రసంగాలలో ఎన్నడూ రాలేదు.

రైల్వే, కస్టమ్స్, తపాలా ఉద్యోగాలలో ఆంగ్లో ఇండియన్లకు రాజ్యాంగంలోని 336వ అధికరణం ఇచ్చిన ప్రత్యేక అవకాశం క్రమంగా తగ్గి 1960లో ముగిసింది. ఎన్నో కుటుంబాలు ఇంగ్లండుకూ, ఆస్ట్రేలియాకూ, కెనడాకూ వెళ్లిపోయాయి. ఆవిరి ఇంజన్లూ పోయాయి. లోక్‌సభలో వారికున్న రెండు నామినేటెడ్ స్థానాలు కూడా 2020లో రద్దయ్యాయి.

తోటలో వాళ్లు ఇంకొక పాటకు కూడా ఆడారు. నేను లేచి వెళ్లలేదు. ఆ సంగతి మరుసటి ఆదివారం చర్చకు వచ్చింది, ఇంకా తేలలేదు. అయితే, లేచి వెళ్లిన పెద్దమనిషి ఆ సాయంత్రం నన్ను ప్రక్కకు పిలిచి, “ఆయనేమో ముందుకు నడుస్తున్నాడు. ఆమె చాలాసేపు వెనక్కే నడిచింది గదండీ! చూడకుండా, పడకుండా ఎట్లా?” అని అడిగారు. అంటే, కొంత చూసే వెళ్లారన్నమాట.

నేను ఫోనులో ఆ తల్లినే అడిగాను. “చేత్తో తోస్తే పడిపోతానండీ. ఆయన అడుగు వేయకముందే ఒళ్లు కదులుతుంది, నాకు తెలిసిపోతుంది. మొదటి సంవత్సరం మాత్రం నా కాళ్లు బాగా తొక్కారు” అన్నదామె.